గులివిందల మీసాలు

చెరువు చేప తప్ప తెలియని వరంగల్ వాణ్ణి. మాకు చేపంటే రవ్వ, బొచ్చె, చుట్టాలొస్తే కొర్రమట్ట. జులైలో విశాఖలో అక్కావాళ్లింటికి వెళ్తే, తెల్లారకముందే బావ లేపి ఫిషింగ్ హార్బర్‌కి పదమన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ముగిసి నెల దాటింది. జెట్టీ పొడవునా బోట్లు, ఐసు గుట్టలు, కాకులు, వేలంపాట పాడేవాళ్ల కేకలు. కొత్త గుడ్డ బూట్లు వేసుకెళ్లాను, పది నిమిషాల్లో వాటి పని అయిపోయింది.

దానికి ముందే గేటు బయట ఒకతను "పులస, సారూ" అంటే నమ్మి కొనేశాను. లోపల గులివింద చేపలు అమ్ముతున్న పెద్దావిడ నా సంచిలోకి తొంగిచూసి పకపకా నవ్వింది.

"ఏటి బాబూ, సంద్రంలో పులస ఉంటాదేటి? ఇది ఇలస. గోదారి ఎర్రనీరు తగిల్తేనే పులస."

చేప ఒకటేనట. వరదల కాలంలో గుడ్లు పెట్టడానికి ఉప్పునీరు వదిలి గోదావరికి ఎదురీదుతుంది. ధవళేశ్వరం చేరేసరికి పేరూ రుచీ ధరా మారిపోతాయి. నేను ధర ఒక్కటి ముందే కట్టేశాను.

ఆవిడకి జాలేసిందో, బేరం తగులుతుందనుకుందో, ఒక గులివింద తీసి గడ్డం కింద గోటితో గీకింది. లోపల ముడుచుకున్న రెండు మీసాలు సన్నటి దారాల్లా బయటికొచ్చాయి. సముద్రం అడుగున బురదను వాటితో తడుముతూ పురుగుల్నీ చిట్టి రొయ్యల్నీ వెతుక్కుంటుంది. పక్క తట్టలో వంజరానికి ఆ అవసరం లేదు. కవ్వళ్లూ నెత్తళ్లూ లాంటి చిన్న చేపల్ని తరిమి పట్టుకునే చేప అది. వీపు నీలం, పొట్ట వెండి: పైనుంచి చూస్తే నీళ్లలో, కిందినుంచి చూస్తే వెలుతురులో కలిసిపోతుంది.

తర్వాత నల్ల చందువ తోక మొదట్లో వేలు పెట్టి చూడమంది. గరుకుగా తగిలింది. పార చేపలకుండే గట్టి పొలుసుల వరస. పేరుకే చందువ, చుట్టరికం పారలతో. తెల్ల చందువకి అక్కడ నున్నగా ఉంది.

మా కొర్రమట్ట నీళ్ల పైకొచ్చి గాలి పీలుస్తుందని నేనూ ఒకటి చెప్పాను. "ఎండిపోయే సెరువులో ఉన్నది పీల్సుకోదేటి మరి?" అనేసి తక్కెడ అందుకుంది.

మధ్యాహ్నం భీమిలిలో, గోస్తనీ సముద్రంలో కలిసేచోట కాసేపు నిలబడ్డాం. పండుగప్పకి ఇలాంటి కలగలుపు నీళ్లే ఇష్టమని, మగచేపగా పెరిగి కొన్నేళ్లకి ఆడదవుతుందని బావ చెబితే వేళాకోళమనుకున్నాను. నిజమేనట.

రాత్రి గులివిందల పులుసు. ముళ్లు ఉన్నాయి గానీ ఇలసతో పోలిస్తే అవొక లెక్క కాదు. ముక్కలు కెలికి మీసాల కోసం వెతుకుతుంటే అక్క చూసింది.

"కడిగేటప్పుడే పీకి పడేసిన. అవెందుకురా నీకు?"