డ్రెస్డెన్ నుంచి ఆఫర్ వచ్చింది, మరి ఆ ఓట్ల మ్యాపు సంగతేమిటి?

జర్మనీ తూర్పున డ్రెస్డెన్ చిప్ ఫ్యాక్టరీల నుంచి ఆఫర్ వస్తే, జీతం కంటే ముందు ఇంట్లో లేచే ప్రశ్న ఒకటుంది: "అక్కడంతా ఏఎఫ్‌డీ అట కదా, వెళ్ళొచ్చా?" వలసలను గట్టిగా వ్యతిరేకించే పార్టీ కాబట్టి ఆ భయంలో అర్థముంది. 2025 ఫిబ్రవరి పార్లమెంటు ఎన్నికల్లో దానికి దేశం మొత్తం మీద 20.8 శాతం ఓట్లు వస్తే, డ్రెస్డెన్ ఉన్న సాక్సనీ రాష్ట్రంలో 37 శాతం, దాని పక్కనున్న థురింగియాలో 38 శాతం దాటాయి. మ్యాపులో పాత తూర్పు జర్మనీ సరిహద్దు గీత గీసినట్టు కనిపిస్తుంది.

అయితే ఆ మ్యాపు చదవడంలో ఒక తిరకాసు ఉంది. అక్కడ ఒక్కొక్కరికి రెండు ఓట్లు: మొదటిది నియోజకవర్గ అభ్యర్థికి, రెండోది పార్టీకి. టీవీలో మామూలుగా చూపేది రెండో ఓటులో ఎవరు ముందున్నారో అది మాత్రమే. ఏఎఫ్‌డీ ముందుంటే నీలం రంగు. పోలండ్ సరిహద్దులోని గోర్లిట్స్‌లో 46 శాతం పైన తెచ్చుకున్నా నీలమే, పశ్చిమాన గెల్సెన్‌కిర్షెన్‌లో పాతిక శాతంలోపు ఓట్లతో అంగుళం ముందున్నా నీలమే. అదే సాక్సనీలో లైప్సిగ్ నగరంలోని ఒక నియోజకవర్గాన్ని మొదటి ఓటుతో గెలిచింది వామపక్షం డీ లింకే. అందుకే రాష్ట్రం అంకె చూసి ఊరిని అంచనా వేయకూడదు. ఎన్నికల సంఘం సైటులో నియోజకవర్గం వారీ అంకెలు ఉచితంగానే దొరుకుతాయి.

తూర్పున ఇలా ఎందుకు? విదేశీయులు ఎక్కువైనందుకు అనుకుంటే లెక్క కుదరదు. తూర్పు పల్లెల్లో వాళ్ళు పశ్చిమ నగరాల కంటే చాలా తక్కువ. అసలు వేళ్ళు రెండు జర్మనీల విలీనం రోజుల్లో ఉన్నాయి. 1990 జులైలో పశ్చిమ జర్మనీ కరెన్సీ మార్కు తూర్పుకు వచ్చి, జీతాలను ఒకటికి ఒకటి చొప్పున మార్చారు. ఆ ఖర్చుకు తూర్పు ఫ్యాక్టరీల సరుకు నిలబడలేదు. ప్రభుత్వ సంస్థలను అమ్మడానికి పెట్టిన ట్రాయ్‌హాండ్ చేతికి వచ్చిన కంపెనీల్లో సుమారు 40 లక్షల మంది పనిచేసేవారు. చాలా కంపెనీలు మూతపడ్డాయి, మిగిలినవి ఎక్కువగా పశ్చిమం వాళ్ళ చేతుల్లోకి పోయాయి. చదువుకున్న కుర్రకారు, ముఖ్యంగా అమ్మాయిలు, పశ్చిమానికి తరలిపోయారు. పశ్చిమాన ఓటును తరతరాలుగా పట్టి ఉంచిన చర్చి, యూనియన్, పార్టీ శాఖ తూర్పున బలంగా వేళ్ళూనలేదు. అందుకే ఓటు ఒక పార్టీ నుంచి మరో పార్టీకి ఇట్టే దూకుతుంది. ఒకప్పుడు లింకేకు పడిన అసంతృప్తి ఓటు ఇప్పుడు ఎక్కువగా ఏఎఫ్‌డీకి పడుతోంది.

దీనికి పూర్తి విరుద్ధం బవేరియా. అక్కడ సీఎస్‌యూ అనే ప్రాంతీయ పార్టీ పోటీ చేస్తుంది, దేశంలో మిగతా చోట్ల పోటీ చేసే దాని తోడు పార్టీ సీడీయూ ఆ రాష్ట్రంలో అడుగే పెట్టదు. ప్రాంతీయ పార్టీ రాష్ట్రాన్ని ఏలుతూ ఢిల్లీలో బేరం పెట్టడం చూసిన మనకు దీన్ని అర్థం చేసుకోవడం తేలికే. 1957 నుంచి ఆ రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఆ పార్టీవాడే. మ్యూనిక్‌లో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు ఓట్ల గురించి అడగరు, ఇంటి అద్దె గురించి అడుగుతారు.

ఈ ఓట్లలో మనకు వాటా లేదు. యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళకు మున్సిపల్ ఎన్నికల్లోనూ ఓటు లేదు. 2024 జూన్ నుంచి మామూలుగా ఐదేళ్ళకు పౌరసత్వానికి దరఖాస్తు చేయొచ్చు. జర్మనీ రెండు పౌరసత్వాలను ఒప్పుకున్నా భారత్ ఒప్పుకోదు కాబట్టి, మన పాస్‌పోర్టు అప్పగించాలి, కావాలంటే ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకిచ్చే కార్డు) తీసుకోవచ్చు.

తూర్పు, పశ్చిమాల తేడా మీకు నేరుగా తగిలేది కాంట్రాక్టులో. లోహ, ఎలక్ట్రికల్ పరిశ్రమలో పశ్చిమాన యూనియన్ ఒప్పందం ప్రకారం 1995 నుంచి వారానికి 35 గంటలు. తూర్పున 38. దాన్ని తగ్గించాలని 2003లో చేసిన సమ్మె విఫలమైంది. 2021 తర్వాతే కొన్ని కంపెనీల్లో మెట్టుమెట్టుగా తగ్గడం మొదలైంది. కంపెనీ ఆ ఒప్పందంలో లేకపోతే 40 గంటలు రాసి ఉండటం మామూలే. కాబట్టి నెల జీతం పక్కన గంటల అంకె చూడండి, కంపెనీకి టారిఫ్ ఒప్పందం (పైన చెప్పిన యూనియన్ ఒప్పందం) ఉందా అని సంతకానికి ముందే హెచ్‌ఆర్‌ను అడగండి.