వరంగల్_* కు వరంగల్ ఫైళ్లే రాకపోతే: నా అనుభవం

ఎనుమాముల (వరంగల్), జమ్మికుంట, కరీంనగర్ మార్కెట్ల ధరల ఫైళ్లకు నేను తెలుగులోనే పేర్లు పెడతాను: వరంగల్_మిర్చి_2024, జమ్మికుంట_పత్తి_2024, ఇట్లా. వాడేది ఉబుంటు, కమాండ్లు కొట్టేది బాష్ షెల్‌లో. అందులో * అంటే ఆ చోట ఏమున్నా సరే అని. జమ్మికుంట_* అని కొడితే ఫైళ్లన్నీ వచ్చేవి. వరంగల్_*, కరీంనగర్_* అంటే కొన్నే వచ్చేవి. మిగతావి ఫోల్డర్‌లో కళ్ల ముందే ఉన్నాయి.

పొల్లుతో ముగిసే ఊళ్ల దగ్గరే తేడా వస్తున్నదని గమనించాక దారి దొరికింది. ఎల్‌ఎస్ (ఫైళ్ల పేర్లు చూపే కమాండ్) జాబితాను పైపుతో ఓడీకి (బైట్లు చూపే కమాండ్) పంపి, మైనస్ సి ఆప్షన్‌తో బైట్లు చూశాను. ల్ అంటే ఆక్టల్ అంకెల్లో 340 260 262 340 261 215. కొన్ని పేర్లలో దాని వెనకాలే 342 200 214 ఉంది. అది జీరో విడ్త్ నాన్ జాయినర్: పొల్లు తర్వాతి హల్లుతో కలిసి వత్తు కాకుండా ఆపే, కంటికి కనపడని గుర్తు. 'వరంగల్‌లో' అని రాయాలంటే అది కావాల్సిందే. కానీ కొన్ని ఫొనెటిక్ కీబోర్డులు పదం చివరి పొల్లుకూ దాన్ని తగిలిస్తాయి. ల్ పక్కనే అండర్‌స్కోర్ కోసం చూసే షెల్‌కు అక్కడ ఇంకోటి తగులుతుంది.

అప్పటికప్పుడు పని నడవడానికి వరంగల్*_* చాలు. పూర్తిగా పోగొట్టాలంటే *$'\342\200\214'* తో ఆ ఫైళ్లను మాత్రమే ఫర్ లూప్‌లోకి తీసుకుని, పేరులోంచి ఆ మూడు బైట్లు తీసేసి ఎంవీ (పేరు మార్చే కమాండ్) చేయాలి. ముందు ఎకోతో, అంటే కమాండ్ నడపకుండా తెర మీద చూపించుకుని, సరిచూసుకోండి. ఎంవీకి మైనస్ ఎన్ తప్పనిసరి. అది లేకపోతే, శుభ్రమైన పేరుతో ఇంకో ఫైలు ముందే ఉంటే దాని మీద రాసేస్తుంది.

ఒక్క అక్షరానికి సరిపోయే ? దగ్గర ఇంకో చిక్కు. మిర్చి మనకు రెండక్షరాలే, బాష్‌కు ఆరు: మ, గుడి, ర, పొల్లు, చ, గుడి. పత్తికి ఐదు, మక్కకు నాలుగు. అందుకే తెలుగు పేర్లలో ? ను లెక్కపెట్టి వాడటం నేను మానేశాను.

లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగ్) సెట్ చేయని డాకర్ కంటైనర్‌లో అయితే ప్రమాదమే. అక్కడ ? ఒక్క బైటుకే సరిపోతుంది, మిర్చికి 18 కావాలి. [మప]* అన్నది మ, ప లతో మొదలయ్యే పేర్ల దగ్గర ఆగదు. తెలుగు అక్షరాలన్నీ 340తోనే మొదలవుతాయి కాబట్టి తెలుగు పేరున్న ప్రతి ఫైలూ దొరుకుతుంది. దాని ముందు ఆర్ఎం (ఫైళ్లను చెరిపేసే కమాండ్) ఉంటే జమ్మికుంటవీ పోతాయి. స్క్రిప్టు మొదట్లోనే లొకేల్‌ను సి.యూటీఎఫ్-8కు మార్చాకే బ్రాకెట్లు వాడండి.