బాలింత ఇంటికి వెళ్తే

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ వెనక రేకుల షెడ్లలో ఆదోని వైపు నుంచి వచ్చిన కూలీలుంటారు. ఆశా కార్యకర్తకు తెలుగు రాదని మొన్న నన్ను వెంట తీసుకెళ్లింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, తొలి కాన్పు. దగ్గర పెద్దదిక్కు ఎవరూ లేరు.

ఆశా బిడ్డను తూకం వేసి, బొడ్డు చూసి, తల్లికి నిద్ర పడుతోందా అని అడగమంది. "రాత్రంతా ఏడుస్తాడక్కా. ఒక్కోసారి ఎత్తి కుదిపేయాలనిపిస్తది" అందా పిల్ల. నాకు గుండె జారిపోయింది. ఆశా మాత్రం తొణకలేదు. "కోపం ఎవరికైనా వస్తుంది. అప్పుడు వాణ్ణి చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి కాసేపు గుమ్మం బయట నిలబడు. కుదిపితే మాత్రం మెదడు దెబ్బతింటుంది" అని నాతో చెప్పించింది. తిట్టి ఉంటే ఆ పిల్ల ఇంకోసారి నోరు విప్పేదా?

అమెరికాలోని ఎల్మైరా అనే ఊళ్లో డేవిడ్ ఓల్డ్స్ అనే పరిశోధకుడు 1970ల చివర్లో దాదాపు ఇదే చేయించాడు. తొలిచూలు గర్భిణుల ఇళ్లకు నర్సులు వెళ్లడం మొదలుపెట్టి, బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా వెళ్లారు. 15 ఏళ్ల తర్వాత చూస్తే, నర్సులు వెళ్లని ఇళ్లకంటే ఆ ఇళ్లలో పిల్లలపై హింస, నిర్లక్ష్యం కేసులు 48 శాతం తక్కువ. అయితే మొగుడి దెబ్బలు మరీ ఎక్కువున్న ఇళ్లలో ఆ ఫలితం కనబడలేదు. (ఇది ఎవరూ పెద్దగా చెప్పరు.)

మన దగ్గర ఇంటి కాన్పయితే మొదటి రోజు, ఆస్పత్రి కాన్పయితే 3వ రోజు మొదలుపెట్టి 42వ రోజు దాకా ఆశాలు ఇంటికి వెళ్లాలి. ఇలా వెళ్లినందుకు ఇచ్చేది జీతం కాదు, ప్రోత్సాహకమే.

మా కాంప్లెక్స్‌లో కన్నడ, తెలుగు రెండూ వచ్చినవాళ్లుంటే ఇన్‌బాక్స్‌కి రండి, పనుంది.