ఆరు వేర్వేరు ఏళ్ళ మాంటే బెల్లో వైన్, ఒక రాత్రి విందు: నా అనుభవం

మొన్న శనివారం రాత్రి జరిగిన విషయం ఇంకా నా మనసులో పచ్చిగానే ఉంది కనుక, అది చల్లారకముందే రాసి పెడుతున్నాను. మా పెళ్ళయి, నేను కాలిఫోర్నియాకు కాపురానికి వచ్చి ముప్ఫై ఏళ్ళు నిండిన సందర్భంగా, ఒకే తోటలో పండిన క్యాబర్నే అనే నల్లద్రాక్షతో చేసిన వైన్‌ను ఆరు వేర్వేరు సంవత్సరాలవి పక్కపక్కన పెట్టుకుని రుచి చూసే విందు ఒకటి ఏర్పాటు చేశాను. దీన్ని వర్టికల్ టేస్టింగ్ అంటారు. తోట ఒకటే, చేసేవారి చేయి దాదాపు ఒకటే, మారేది ఏడాది మాత్రమే. ఆ ఏటి ఎండా, వానా, చలీ, ఆ తరువాత సీసాలో గడిచిన కాలమూ వరుసగా నాలుక మీదికి వస్తాయి.

నేను ఎంచుకున్నది రిడ్జ్ అనే వైనరీ, అంటే వైన్ తయారుచేసే సంస్థ, వారి మాంటే బెల్లో. కూపర్టినో వీధుల్లో నిలబడి పడమటి దిక్కు చూస్తే కనిపించే కొండల్లోనే ఆ తోట ఉంది. మన తెలుగువాళ్ళలో ఎంతోమంది ఆ కొండ పాదంలోనే ఇళ్ళు కొనుక్కుని, పిల్లలను బడిలో దింపి, ఆదివారాలు లివర్‌మోర్ గుడికి వెళ్ళివస్తూ, తలెత్తితే కనిపించే ఆ కొండ మీద ఏముందో తెలియకుండానే ఏళ్ళు గడిపేస్తారు. నేనూ పదేళ్ళు అలాగే గడిపాను. ఓసియా పెరోన్ అనే ఇటాలియన్ వైద్యుడు 1885లో ఆ కొండ మీద 180 ఎకరాలు కొని తోట వేశాడు. ఆ తోట నుంచి 1892లో తొలి వైన్ వచ్చింది. ఆ తరువాత ఆ కొండ మీది తోటలు పాడుబడిపోగా, వాటిలో 1940లలో మళ్ళీ తీగలు నాటిన ఒక తోటను 1959లో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే కొందరు ఇంజనీర్లు కలిసి కొన్నారు. వారిలో ఒకరైన చార్లీ రోజెన్, ఆ సంస్థలో కృత్రిమ మేధ పరిశోధనకు పునాది వేసినవాడు. వారమంతా యంత్రాలకు ఆలోచన నేర్పే పని చేసిన మనిషి సెలవు రోజుల్లో ఆ కొండెక్కి ద్రాక్ష తోట చూసుకునేవాడని తెలిసినప్పటి నుంచి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోనే జీవితం గడిపిన నాకు ఆ తోట మీద మమకారం పెరిగింది.

ఇంకొక కారణం కూడా ఉంది. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వైన్ వ్యాపారి కాలిఫోర్నియా, ఫ్రెంచి వైన్‌లకు పెట్టిన ప్రసిద్ధమైన పోటీలో 1971 నాటి మాంటే బెల్లోకు ఎర్ర వైన్‌లలో అయిదో స్థానం వచ్చింది. సరిగ్గా ముప్ఫై ఏళ్ళకు, 2006 మే 24న, అవే వైన్‌లను మళ్ళీ రుచి చూసినప్పుడు అదే 1971 మొదటి స్థానంలో నిలిచింది. ఓపిక పట్టిన కొద్దీ బాగుపడే వైన్ ఇది అనడానికి నాకు అంతకంటే రుజువు అక్కరలేదు.

సీసాలు పోగుచేయడానికి పన్నెండేళ్ళు పట్టింది. 2011, 2013 సంవత్సరాలవి వైనరీలోనే కొన్నాను. 2005, 2008 దుకాణాల్లో దొరికాయి. మా పెద్దమ్మాయి పుట్టిన 2001, నేను ఈ దేశంలో అడుగుపెట్టిన 1995 మాత్రం వేలంలో కొన్నాను. పాత సీసా కొనేటప్పుడు మెడ దగ్గర వైన్ మట్టం ఎంత ఎత్తున ఉందో ఫొటో తెప్పించుకుని చూడండి. సీసా భుజం, అంటే మెడ కింద వెడల్పయ్యే చోటు, కిందికి దిగిపోయి ఉంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

ఇంట్లోనే పెట్టుకోవచ్చు కదా, గోంగూర మాంసం వండితే పోదా అని మా మరిది అడిగాడు. గోంగూర పులుపు, గుంటూరు కారం నాలుక మీద ఉండగా ఈ వైన్ తాగితే దానిలోని వగరు చేదుగా మారిపోతుంది, మిగతాదేదీ తెలియదు. పైగా తాగేవారు పదకొండు మంది, ఒక్కొక్కరికి ఆరు గ్లాసుల చొప్పున 66 గ్లాసులు కావాలి. అందుచేత బే ఏరియాలో పేరున్న ఒక రెస్టారెంటులో విడిగా గది మాట్లాడాను. కాల్చిన గొర్రె మాంసం, శాకాహారులకు పుట్టగొడుగులు, బీన్స్‌తో చేసిన వంటకాలు, చివరికి గట్టి చీజ్ అని వంటల జాబితా తేలికగానే తేలిపోయింది. మన సీసాలు మనం తెచ్చుకుంటే వాళ్ళు తీసుకునే కార్కేజీ సీసాకు 40 డాలర్లు. దానికీ సరేనన్నాను.

ఇక్కడి నుంచి నేను చెప్పేది కొంచెం శ్రద్ధగా వినండి. ముప్ఫై ఏళ్ళ ఎర్ర వైన్‌లో, మొదట్లో వగరుగా ఉండే టానిన్లు, రంగునిచ్చే పదార్థాలు ఏళ్ళ తరబడి ఒకదానితో ఒకటి పెనవేసుకుని బరువెక్కి, మడ్డిగా అడుగుకు దిగుతాయి. సీసా ఏళ్ళపాటు పడుకుని ఉంటుంది కాబట్టి మడ్డి ఒక పక్కన పట్టి ఉంటుంది. విందుకు రెండు మూడు వారాల ముందే సీసాను నిలబెడితే అది నెమ్మదిగా అడుగుకు చేరుతుంది. అప్పుడు కార్కు తీసి, మెడ వెనక దీపం పెట్టుకుని, ఒకే ధారగా డికాంటర్ అనే గాజు కూజాలోకి వంచి, మడ్డి భుజం దగ్గరికి రాగానే ఆపేయాలి. నాకు ఇది పుస్తకాలు చదివితే వచ్చిన విద్య కాదు. కోనసీమలో మా అమ్మమ్మ వరద రోజుల్లో గోదావరి నీళ్ళు బిందెతో తెచ్చి, ఇండుపగింజ అరగదీసి కలిపి, తెల్లవారేదాకా ఆ బిందెను ఎవరినీ తాకనిచ్చేది కాదు. తేట తేరుకోవడానికి కావలసింది కదలిక లేని సమయం ఒక్కటేనని నాకు ఆరేళ్ళ వయసులోనే తెలుసు.

అందుకని 1995 సీసాను పద్ధెనిమిది రోజులు మా నేలమాళిగలో నిలబెట్టే ఉంచాను. గురువారం నాడు ఆరు సీసాలనూ నిలువుగా గదులు చేసిన చెక్కపెట్టెలో పెట్టి, ఒళ్ళో పెట్టుకుని, మా వారి చేత కారు నెమ్మదిగా నడిపించి, ఆ రెస్టారెంటుకు చేర్చాను. పెట్టె మూత మీద, పడుకోబెట్టవద్దు, కదపవద్దు, నేను వచ్చాకే తెరవండి అని పెద్ద అక్షరాలతో అచ్చువేసిన కాగితం అంటించాను. అదే మాట ఈమెయిల్‌లోనూ రాశాను. అలాగేనని జవాబు కూడా వచ్చింది.

శనివారం సాయంత్రం అయిదున్నరకు వెళ్ళేసరికి, అక్కడ వైన్ వడ్డనకు బాధ్యుడైన సొమెలియర్ మా సీసాలను పొయ్యిలోకి కట్టెలు మోసుకొచ్చినట్టు రెండు చేతుల మీద అడ్డంగా పడుకోబెట్టుకుని వచ్చాడు. వైన్ సీసా పడుకునే ఉండాలి కనుక రెండు రోజులూ తమ అరల్లో పడుకోబెట్టామని, అది తమ పద్ధతి అని చెప్పాడు. 1995 సీసాను దీపానికి ఎత్తి చూశాను. పద్ధెనిమిది రోజులలో అడుగుకు దిగిన మడ్డి అంతా లేచి సీసాలో పొగలాగా తిరుగుతోంది.

ఆ కార్కు నేను తీస్తానని అడిగాను. పాత కార్కులు మెత్తబడి ఉంటాయి. కార్కులోకి తిప్పే మామూలు మరతో లాగితే విరుగుతాయి కనుక, రెండు పక్కలా సన్నని రేకులు దించి పట్టుకునే సాధనం నా సంచిలో ఉంది. బయటివారు తమ గదిలో సీసాలు తెరవడానికి నియమాలు ఒప్పుకోవని అన్నాడు. ఆ మాట కూడా నాతో అనలేదు, మా వారి వైపు తిరిగి అన్నాడు. మా వారు జీవితంలో ఒక్క చుక్క తాగి ఎరుగరు. ఈ సీసాలు కొన్నది, దాచింది, విందు మాట్లాడుకుంది, ఈమెయిళ్ళు రాసింది నేను. అయినా నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ అతని జవాబు మా వారికే వెళ్ళింది.

అతిథులు వచ్చి కూర్చున్నాక, అందరి ఎదుట ఆ సీసా తెరిచాడు. కార్కు సగం మరతో పైకి వచ్చింది, మిగతా సగం మెడలోనే ఉండిపోయింది. దాన్ని వేలితో లోపలికి నొక్కేశాడు. వంటింటి జల్లెడ ఒకటి తెప్పించి వైన్ వడగట్టాడు. కార్కు ముక్కలు జల్లెడలో ఆగాయి, మడ్డి ఆగలేదు. తరువాత మా వారితో, సీసాను ఇంట్లో అన్ని రోజులు నిలబెడితే కార్కు ఎండిపోయి ఇలాగే అవుతుందని, పాత వైన్ కొనేవారికి ఈ మాత్రం తెలిసి ఉండాలని, గది అంతా వినేటట్టు చెప్పాడు. చెప్పి, ఇటుకరంగులో బురదగా ఉన్న ఆ వైన్‌ను రుచి చూడమని ఆయన గ్లాసులోనే పోశాడు.

మాట్లాడవలసిన చోట నా నోరు కట్టుబడిపోయింది. పద్ధెనిమిది రోజుల్లో ఏ కార్కూ ఎండదు. ముప్ఫై ఏళ్ళు గడిచినందువల్ల, తప్పు సాధనం వాడినందువల్ల అది విరిగింది. ఈ మాట నాకు తెలుసు, కానీ నా వాళ్ళందరి ముందు ఆ క్షణంలో నా గొంతు పెగలలేదు. నెలల తరబడి ఆ సీసా గురించి నా మాటలు విన్న మా మరిది తల దించుకుని తన కంచం వైపు చూస్తున్నాడు. అప్పుడు మా వారు గ్లాసును నా వైపు జరిపి, "సీసాలు ఆవిడవి, వైన్ తెలిసింది ఆవిడకి, ఇకనుంచి ఆవిడనే అడగండి" అని ఇంగ్లీషులో నెమ్మదిగా, స్పష్టంగా అన్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన నాకు ఇచ్చిన కానుకల్లో దాన్ని మించింది లేదు.

డబ్బు పుచ్చుకుని ఒకరి వస్తువును చేతిలోకి తీసుకున్నవాడికి, ఆ వస్తువు గురించి యజమాని చెప్పిన మాట వినడం మొదటి ధర్మం. ఎవరు తాగుతారో, ఎవరికి తెలుసో చీర చూసి, మీసం చూసి నిర్ణయించుకునే మనిషికి ఎన్ని పరీక్షల పట్టాలున్నా ఆ ఉద్యోగం తగదని నా అభిప్రాయం. మీరు ఇలాంటి విందు పెట్టుకుంటే, సీసా ఎవరు తెరుస్తారు, ఏ సాధనంతో తెరుస్తారు అనేది ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. పాత సీసాను ముందుగా పంపకండి, ఇంట్లోనే తేట వంచి, సీసా కడిగి, మళ్ళీ అందులోనే పోసి మీ చేత్తో తీసుకువెళ్ళండి.

నేను చేయగలిగింది ఒక్కటే ఉంది. పాతదానితో మొదలుపెట్టి కొత్తదాని వైపు రావాలనుకున్న వరుసను మార్చేశాను. శుభ్రమైన డికాంటర్‌లో ఆ 1995 పోయించి, గోడవారగా ఉన్న బల్ల మీద పెట్టించి, దాన్ని ఎవరూ తాకవద్దని చెప్పి, 2001తో మొదలుపెట్టాను. అంతసేపు గాలి తగిలితే కొన్ని పాత వైన్‌లు చచ్చిపోతాయి. అయినా బురద తాగించడం కంటే ఆ సాహసమే మేలనిపించింది.

2001లో మెర్లో అనే మెత్తటి ద్రాక్ష రకం పాలు మూడో వంతు దాటింది. ఈ వైనరీ ద్రాక్ష రకాల శాతాలను లేబుల్ మీదే అచ్చువేస్తుంది. ఆ మెత్తదనం వల్ల మొదటిసారి తాగుతున్న మా ఆడపడుచుకు కూడా అది వెంటనే నచ్చింది. 2005 ఆ రాత్రికి అన్నిటికంటే నిండుగా ఉంది, ముగ్గురు దాన్నే మొదటిదన్నారు. 2008 ఇంకా వాసన, రుచి విప్పకుండా ముడుచుకునే ఉంది. 2011 చల్లటి సంవత్సరం. మొదట పలచగా, పుల్లగా తోచింది కానీ, గొర్రె మాంసంతో కలిసినప్పుడు మిగతా అన్నిటికంటే హాయిగా నడిచింది. ఆ సంవత్సరపు పంట నుంచే ఈ వైనరీ వైన్‌లో ఏమేమి వాడారో లేబుల్ మీద రాయడం మొదలుపెట్టింది. ఇది అందరూ చేయవలసిన మంచి పని. కాలిఫోర్నియాలో వానలు దాదాపు మొహం చాటేసిన 2013లో పండిన వైన్‌కు, పచ్చి వెలక్కాయ కొరికినంత వగరు ఇప్పటికీ ఉంది. దాన్ని పదేళ్ళ తరువాత తెరవవలసింది, నేనే తొందరపడ్డాను.

పదిన్నరకు గోడవారన ఉన్న డికాంటర్ దగ్గరికి వెళ్ళి ఫోన్ దీపం వెలిగించి చూశాను. మూడున్నర గంటల్లో మడ్డి చాలావరకు దిగింది. పైన దానిమ్మ గింజ రంగులో తేట నిలిచింది. ఈసారి ఎవరి అనుమతీ అడగలేదు. నేనే ఎత్తి, నేనే వంచాను. తొమ్మిది గ్లాసులు తేటగా వచ్చాయి. చివరి రెండూ కొంచెం మసకగా ఉంటే ఒకటి నేను ఉంచుకుని, ఒకటి మరిదికి ఇచ్చాను. వగరు పూర్తిగా కరిగిపోయి, ఎండిన నేరేడు పండు, దేవదారు చెక్క, తడిసి ఆరిన నేల, ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. కందుకూరు నుంచి వచ్చిన మా వదిన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అమ్మాయీ, ఇది మా నాన్నగారి పొగాకు బ్యారన్ తలుపు తీసినప్పటి వాసన" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేనే మాటల్లో పెట్టలేకపోయిన సంగతి ఆమె చెప్పింది.

బిల్లులో ఆరు సీసాలకు కార్కేజీ 240 డాలర్లు వేశారు. మేనేజరును పిలిచి 1995 సీసాకు చెల్లించనని, ఎందుకో వివరంగా, ఈసారి గొంతు తడబడకుండా చెప్పాను. ఆయన విని 40 డాలర్లు కొట్టివేశాడు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. ఖాళీ సీసాలను చెక్కపెట్టెలో పెట్టి తిరిగి ఇచ్చారు. మూత మీద నేను అంటించిన కాగితం అంటించినట్టే ఉంది.