తిరుగు దారి మరిచిన రౌటర్

కర్నూలు పాతబస్తీలో మా బావ బట్టల కొట్టు. కింద బిల్లింగ్ నెట్‌వర్క్ 192.168.10.0, మిద్దె మీద గోదాముది 192.168.20.0. రెండు రౌటర్ల మధ్య ఒకే కేబుల్: కింద 10.0.0.1, పైన 10.0.0.2.

కింది రౌటర్‌లో ‘ఐపీ రూట్ 192.168.20.0 255.255.255.0 10.0.0.2’ అని కొట్టాను, అంటే గోదాముకి పోయేవన్నీ 10.0.0.2కి అప్పజెప్పమని. రౌటర్ నుంచి గోదాము సిస్టమ్‌కి పింగ్, అదే ‘ఉన్నావా?’ అనే పలకరింపు, చక్కగా పోయింది, జవాబూ వచ్చింది. బిల్లింగ్ సిస్టమ్ నుంచి మాత్రం జవాబు రాక టైమవుట్! కేబుల్ మార్చా, ఫైర్‌వాల్ తీసేశా.

“అయితాదా లేదారా?” బావ గొణుగుడు.

గంట తర్వాత వెలిగింది. రౌటర్ పింగ్ 10.0.0.1 పేరుతో పోతుంది. అది పై రౌటర్‌కి పక్కిల్లే. బిల్లింగ్ సిస్టమ్ పింగ్ పోయేది మాత్రం 192.168.10.0 నుంచి. అది ఎక్కడుందో పై రౌటర్‌కి నేను చెప్పనే లేదు, జవాబు ఎటు పంపుతుంది పాపం? మిద్దెక్కి, 10.0.0.1 మీదుగా తిరుగు రూటు ఇచ్చా. రౌటర్లు దారులు ఒకదానికొకటి వాటంతటవే చెప్పుకునే పద్ధతి ఓఎస్‌పీఎఫ్ ఉంది కానీ, రెండే రౌటర్లకి అదెందుకు, చేత్తో రాస్తే చాలన్న నా మాట మీద ఇప్పటికీ ఉన్నా. దిగొచ్చేసరికి బిల్లింగ్‌లో గోదాము స్టాకు కనిపిస్తోంది.