ఎం.ఎడ్ డిసర్టేషన్ అంటే ఇంత ఉంటదా!

బీ.ఎడ్ అయిపోయాక అందరూ డీఎస్సీ కోచింగ్‌కి పోతుంటే నేను ఎం.ఎడ్‌లో చేరా, ఇంట్లో "మళ్ళీ చదువా తల్లీ" అని ఒకటే గోల. మా సీనియర్ మేడమ్ వాళ్ళ టైంలో ఏడాదిలో అయిపోయేదంట, టీచర్ ట్రైనింగ్ కోర్సులు చూసే ఎన్‌సీటీఈ 2014 రూల్స్‌తో రెండేళ్ళు చేసింది. పైగా ఎం.ఫిల్‌ని కూడా యూజీసీ 2022లో తీసేసింది, అంటే పీహెచ్‌డీకి ముందు రీసెర్చ్ అంటే ఏంటో చేతులారా నేర్చుకునేది ఇక్కడే అన్నమాట.

డిసర్టేషన్ అంటే మనమే ఒక టాపిక్ మీద పరిశోధన చేసి రాసిచ్చే పెద్ద రిపోర్టు. నా టాపిక్ మూడో క్లాస్ పిల్లలు తీసివేతల్లో చేసే తప్పులు. సినాప్సిస్, అంటే ఏం చేయబోతున్నామో రాసిచ్చే ప్లాన్, నాలుగుసార్లు వెనక్కొచ్చింది, గైడ్ సార్ ఎర్రపెన్నుతో "ఏం కొలుస్తున్నావమ్మా?" అని రాసేవారు అంతే, ఇంకో ముక్క ఉండదు. పర్మిషన్ లెటర్ కోసం తిరిగి తిరిగి చెప్పులరిగాయి, అది వదిలేయండి.

పైలట్‌కి, అంటే అసలు పనికి ముందు చిన్న ట్రయల్‌కి, వెళ్ళినరోజు ఒక పాప 52లోంచి 27 తీసేసి 35 వేసింది. ఎలా చేశావురా అంటే "పెద్దదాంట్లోంచే చిన్నది తియ్యాలి కదా మేడమ్, అందుకే ఏడులోంచి రెండు తీశా" అంది ధీమాగా! నేనేమో నా షీట్‌లో దాన్ని "అజాగ్రత్త" కాలమ్‌లో వేసేసి ఉన్నా అప్పటికే. ఆ పాప జాగ్రత్తగానే చేసింది, రూలే తప్పుగా పట్టుకుంది. ఆ రాత్రి కాలమ్స్ అన్నీ కొట్టేసి టూల్, అంటే పిల్లలకిచ్చే లెక్కల పేపర్, మళ్ళీ మొదట్నించి రాశా, ఈసారి ప్రతి లెక్క పక్కన "ఎలా చేశావ్?" అని ఒక గడి పెట్టి.

రేపు సార్‌కి చూపించాలి, ఎర్రపెన్నులో ఇంక్ అయిపోతే బాగుండు.