బండల సందులో బ్లెన్నీ

మన నెల్లూరు తీరమంతా ఇసకే. బండలు కావాలంటే లారీల్లో తోలాల్సిందే. జువ్వలదిన్నె హార్బర్ దగ్గర అలలకి అడ్డంగా పోసిన బండల సందుల్లో వేలెడంత చేప ఒకటి ఉంటది. పేరు బ్లెన్నీ. సముద్రం పాటు మీదున్నప్పుడు, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు పోతే బాగా కనపడతది.

పొలుసులుండవు, ఒళ్లంతా జిగురు. కళ్లు నెత్తి మీద. మొహం చూస్తే ఎవరి మీదో అలిగినట్టుంటది. ఈ జాతుల్లో చాలావాటికి పెద్దయ్యాక గాలితిత్తి ఉండదు, అందుకే నీళ్లలో తేలకుండా బండనే అంటిపెట్టుకోనుంటాయి. గొంతు కింద రెండు సన్నటి రెక్కలు, వాటి మీద ఆనుకోని తల పైకెత్తి చూస్తది. పై పెదవి వెంట సన్నటి పళ్ల వరుస, దాంతో నాచు గీక్కోని తింటది. కొన్ని రకాలైతే నీళ్లు దిగిపోయినా తడి బండ మీదే ఉండి చర్మంతో కూడా గాలి పీల్చుకుంటాయి, తోకతో ఎగిరి పక్క బండెక్కుతాయి. గుడ్లకి కాపలా మగదే.

"ఏందబ్బయా, పులుసుకి పనికిరాని దానికోసం ఎండలో కూర్చున్నావు?" అంటాడు మా మామ. ఆయనకి వంజరం తప్ప ఇంకోటి చేపే కాదు.

చూడాలనుకుంటే నీడ పడకుండా కూర్చోండి. పడిందో, సందులోకి దూరిపోతది. చెప్పులతో మాత్రం నాచు బండలెక్కొద్దు.